మేస్త్రి ఇంకా రాలేదు

ఏప్రిల్ 27

అక్క కూతురు వచ్చింది. రెండు సూట్‌కేసులు, వీపు మీద ఒక బ్యాగు, చేతిలో కుండీతో సహా ఒక మొక్క. నెలన్నర సెలవులకి ఇంత సామానెందుకే అని అడగబోయి నాలుక కరుచుకున్నాను. సర్దింది అక్క. అక్క మనసులో నెలన్నర లేదన్నమాట.

పద్నాలుగేళ్ళు దానికి. కిందటిసారి నా భుజం దాకా ఉండేది. ఇప్పుడు నేనే దాని భుజం దాకా ఉన్నాను. వాళ్ళ నాన్న 'నిచ్చెన' అని పిలుస్తాడు. చూశాక నాకూ ఇంకో పేరు తోచలేదు.

సంగతి నిన్న ఫోన్లో అక్క చెప్పింది. బావ వేరే గది తీసుకున్నాడు. ఇద్దరూ విడిపోవాలనే నిర్ణయించుకున్నారు. అన్నీ ఒక కొలిక్కి వచ్చేదాకా పిల్లకి తెలియకూడదు. దానికి చెప్పిందేమిటంటే, ఇల్లంతా చెమ్మ పట్టింది, బాత్రూము తవ్వుతున్నారు, గోడలు గీకుతున్నారు, ఆ దుమ్ములో ఉండలేవు, పిన్ని దగ్గరికి వెళ్ళు అని. నన్నూ అదే మాట మీద ఉండమంది. "కథలు చెప్పడం నీ ఉద్యోగమే కదా" అంది.

కథలు చెప్పడం కాదు నా ఉద్యోగం. బాగోలేవని చెప్పడం.

ఏప్రిల్ 29

పొద్దున్నుంచి అయిదు చదివాను.

జూన్ ఇరవై లోపల, పన్నెండు నుంచి పదహారేళ్ళ వాళ్ళ కోసం ఎనిమిది ఎపిసోడ్ల టీవీ డ్రామా ఒకటి మా విభాగం తేల్చాలి. వచ్చిన ఐడియాలు నూట అరవై. ఒక్కోటీ చదివి నేను ఒక పేజీ రిపోర్టు రాయాలి. ప్రధాన పాత్రకి ఏం కావాలి, అడ్డు ఎవరు, నమ్మేలా ఉందా, పదికి ఎన్ని. పదహారేళ్ళుగా ఇదే పని. టీవీ చూసే పిల్లల మనసు నాకు కొట్టిన పిండి. కాగితం మీద.

ఈ పదహారేళ్ళలో ఎవరికీ తొమ్మిది వేయలేదు. చాటుగా నన్ను 'నాలుగున్నర' అంటారని తెలుసు. మా విభాగం నడిపే మేడమ్ ఒకసారి పొరపాటున ఎదురుగానే అనేశారు.

ఇవాళ్టి అయిదింట్లో మూడు ఒకే బాపతు. అమ్మానాన్నా ఏదో దాస్తారు, కూతురికి ఆఖరి ఎపిసోడ్లో తెలుస్తుంది. మూడింటికీ ఒకటే రాశాను: "పద్నాలుగేళ్ళ పిల్లకి ఎనిమిది ఎపిసోడ్ల దాకా తెలియకపోవడం నమ్మేలా లేదు."

రాశాక లేచి వెళ్ళి రెండు గ్లాసుల మంచినీళ్ళు తాగాను. ఎండలు మండిపోతున్నాయి.

మే 2

ఇవాళ మొదటి ప్రశ్న వచ్చింది. గుడ్డు వలుస్తూ, ముందు ఏ గది తవ్వుతున్నారని అడిగింది. బాత్రూమన్నాను. టైల్స్ ఏ రంగు వేస్తున్నారంది. బూడిద రంగు అన్నాను.

"అమ్మకి ఆ రంగు పడదు పిన్నీ."

నిజమే, పడదు. మా అక్క బూడిద రంగు చీర ఇచ్చినందుకు ఒక స్నేహితురాలినే వదులుకుంది. చటుక్కున, అది మేస్త్రి ఎంచుకున్న రంగు, మీ అమ్మ మాట అతను వినలేదు అనేశాను.

అలా పుట్టాడు మేస్త్రి.

మే 3

అతనికో పేరు పెడదామా అనుకున్నాను. వద్దు. పేరు పెడితే మరీ నిజమైపోతాడు.

మే 7

మేస్త్రి మా భోజనాల బల్ల దగ్గర స్థిరపడిపోయాడు. టేపు మీద అతనికి నమ్మకం లేదు. తన దగ్గరున్న కర్రతోనే కొలుస్తాడు. ఆ కర్ర ఒక చివర విరిగింది, అందుకని అతను కట్టిన ప్రతి గోడా బెత్తెడు పొట్టి. ఎప్పుడొస్తావయ్యా అంటే "వచ్చేశాననే అనుకోండి" అంటాడు. ఇవన్నీ నాకు ఎక్కణ్ణుంచి ఊడిపడుతున్నాయో తెలియదు. పదహారేళ్ళలో ఒక్క వాక్యం సొంతంగా రాసిన పాపాన పోలేదు నేను.

ఇవాళ ప్లంబర్ వచ్చాడు. మేస్త్రికి స్వయానా బావమరిది. ఇద్దరికీ మాటల్లేవు. ఒకే బాత్రూములో వీపులు ఆనించుకుని పని చేస్తారు. మధ్యలో అక్క నిలబడాలి. "ఆ పైపు కాస్త పక్కకి జరపమని మీ ప్లంబర్‌కి చెప్పండమ్మా" అని ఈయన. "ముందు ఆ సిమెంటు తట్ట తీయమని మీ మేస్త్రికి చెప్పండమ్మా" అని ఆయన. ఇద్దరి గొంతులూ నేనే పెట్టి చూపించాను.

నిచ్చెన నవ్వింది. వచ్చాక ఇంతగా నవ్వడం ఇదే మొదలు. నవ్వు ఆగాక, "ఆ మధ్యలో నిలబడే పని ఇదివరకు నాది" అంది. చారెడు చక్కెర టీలో కలుపుకుంటూ.

ఇంట్లో బజారు పనులూ అవీ చేసేది కాబోలు.

మే 9

మేస్త్రితో పని పెరిగింది. ముందురోజు నేను ఏం చెప్పానో పొద్దున్నే అక్కకి ఫోన్ చేసి అప్పజెప్పాలి. లేకపోతే అది ఒకటి చెబుతుంది, నేనొకటి చెబుతాను. మొదట్లో అక్క కసురుకుంది. ప్లంబరేమిటే, మధ్యలో వీడెవడు, లాయరుతో మాట్లాడుతుంటే నీ గోలేమిటి అంది. నిన్న మాత్రం, మేస్త్రికి పన్నునొప్పి వచ్చిందని చెప్పు, రెండు రోజులు కలిసొస్తాయి అని తనే అందించింది.

బావ సంగతి మర్చిపోయాను. ఆయన నిచ్చెనకి ఫోన్ చేసి, పని దాదాపు అయిపోయిందమ్మా, రంగులేస్తున్నారు అన్నాడు. టైల్సే పడలేదు, రంగులెక్కడివి అని అది నన్ను నిలదీసింది. మీ నాన్న పగలంతా ఇంట్లో ఉండడు కదే, ఎవరో తప్పు చెప్పి ఉంటారు అని నీళ్ళు నమిలాను.

ఆఫీసుకి వెళ్ళాక బావకి ఫోన్ చేసి మేస్త్రి చరిత్రంతా చెప్పాను. ఓపిగ్గా విన్నాడు. చివర్లో, "అయితే హాలుకి ఏ రంగు వేయాలో నన్నొక మాట అడగలేదన్నమాట" అన్నాడు. గొంతులో నిజంగానే నొచ్చుకున్న జాడ. లేని గోడకి, లేని రంగుకి. ఈసారి అడగమంటాను బావా అన్నాను.

మే 12

దానికి తెలియదు. తెలిసినదైతే ఇన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతుంది?

మే 14

ఇంట్లో తోచడం లేదంటే ఆఫీసుకి తీసుకెళ్ళాను. నా బల్ల పక్కన నేల మీద కూర్చుని, చదివేసిన ఐడియాల కట్ట ముందేసుకుంది. నేను ఆరు వేసినవాటి మీద పెన్సిలుతో 'బోర్' అని రాసుకుంటూ పోయింది. ఏడు వేసినదాని మీద 'చాలా బోర్' అని రాసింది.

ఒక్కటే పక్కకి తీసి పెట్టుకుంది. ముగ్గురు పిల్లలు సెలవుల్లో బస్‌స్టాండులో కూర్చుని, జనం మర్చిపోయిన వస్తువుల్ని సొంతదారులకి చేర్చే కథ. దానికి నేను వేసింది నాలుగు. ప్రధాన పాత్రకి ఏం కావాలో స్పష్టంగా లేదని రాశాను. నిచ్చెన ఆ వాక్యం మీద వేలు పెట్టి అడిగింది.

"పద్నాలుగేళ్ళప్పుడు ఎవరికి తెలుస్తుంది పిన్నీ, ఏం కావాలో?"

డ్రామాలో తెలియాలే అన్నాను. అయితే డ్రామాలో ఉన్నవాళ్ళు అదృష్టవంతులు అంది.

నాలుగు నాలుగుగానే ఉంచాను.

మేడమ్‌కి ఆ 'బోర్'లు తెగ నచ్చాయి. ఎంపికైన ఐడియాల్ని శనివారాలు పన్నెండుమంది పిల్లల్ని కూర్చోబెట్టి చదివి వినిపిస్తాం. వాళ్ళు ఫారాలు నింపుతారు. ఒక అమ్మాయి ఊరెళ్ళింది, ఆ కుర్చీలో ఈ అమ్మాయి కూర్చుంటుంది అన్నారు మేడమ్. నన్ను అడగలేదు.

మే 20

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఫోన్ చూసి నవ్వుకుంటుంటే మేడమ్ పట్టుకున్నారు. మేస్త్రికి పన్నునొప్పి తగ్గిందా అని అక్క మెసేజ్ పెట్టింది. సరే, మేడమ్ పరాయిమనిషి కాదు కదా అని మేస్త్రి, కర్ర, ప్లంబరు, అన్నీ చెప్పాను. అక్కాబావల సంగతి మాత్రం చెప్పలేదు. పిల్లని కులాసాగా ఉంచడానికి కల్పించానన్నాను. అదీ నిజమేగా.

మేడమ్ చెంచా కింద పెట్టారు. రెండు పేజీలు రాసిమ్మన్నారు. నాకు రాయడం రాదండీ అన్నాను.

"ఎలా రాయాలో పదహారేళ్ళుగా ఊరందరికీ చెబుతున్నావుగా."

మే 21

రాయలేదు. రాయను కూడా.

మే 22

రాశాను. రెండు పేజీలు అనుకుంటే పదకొండు వచ్చాయి. ఆఫీసులో దీపాలార్పే మనిషి వచ్చి నిలబడేదాకా టైము తెలియలేదు. ఇంత సుఖంగా ఉంటుందని ఇన్నాళ్ళూ ఒక్కరూ చెప్పలేదేం నాకు?

కథలో ఒక అమ్మాయి ఉంది. ఇంటికి రిపేర్లని పిన్ని ఇంటికి పంపిస్తారు. మేస్త్రి పని ఎంతకీ తెమలదు. ఎనిమిదో ఎపిసోడ్లో ఇల్లు పూర్తయి అందరూ కలిసి లోపలికి వెళతారు. ఇందులో మా ఇంటి సంగతి ఏమీ లేదు. ఆ అమ్మాయి నిచ్చెన కాదు. ఆ అమ్మాయికి జుట్టు పొట్టి.

ప్రతి ఐడియాకీ రిపోర్టు ఉండాలి కనక దీనికీ నేనే రాశాను. పిల్లల ముందుకి వెళ్ళే కాగితాల మీద రచయిత పేరు ఉండదు, ఇబ్బంది లేదు. ఏడు వేశాను. ఆరున్నర వేద్దామనుకున్నాను గానీ మరీ అంత వినయం కూడా బాగుండదు.

మే 24

రేపటి జాబితాలో మేస్త్రి మూడోవాడు. ఇంత తొందరగా పెడతారనుకోలేదు.

నిచ్చెనకి ముందే చెబితే? ఏమని చెప్పాలి? అయినా తను నిజమనుకుంటున్న మనిషే కదా, టీవీలోకి వస్తున్నాడంటే సంబరపడుతుంది. వచ్చే శనివారానికి జరపమని మేడమ్‌ని అడుగుదామని లేచాను. ఆవిడ ఫోన్లో ఉన్నారు.

తర్వాత మళ్ళీ లేవలేదు.

మే 25

మేడమ్ చదివారు. నేను మూల కుర్చీలో కూర్చుని, ఎక్కడ నవ్వుతున్నారు, ఎక్కడ కదులుతున్నారు రాసుకుంటున్నాను. అది నా పని.

విరిగిన కర్ర దగ్గర నవ్వారు. "వచ్చేశాననే అనుకోండి" దగ్గర నవ్వారు. ప్లంబర్ వచ్చాక కళ్ళజోడు అబ్బాయి ఒకడు ఎక్కిళ్ళు వచ్చేదాకా నవ్వితే మంచినీళ్ళు ఇవ్వాల్సి వచ్చింది. నా గుండె ఎంత ఉబ్బిందో ఇక్కడ రాసుకోవడానికి కూడా సిగ్గుగా ఉంది.

నిచ్చెన నవ్వలేదు. మొహం మాడ్చుకోనూ లేదు. కలం మూత పెట్టడం, తీయడం. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఫారాలు ఇచ్చాక మిగతావాళ్ళు సగం పేజీ నింపి చల్లగా జారుకున్నారు. ఇది ఇంకో కాగితం అడిగి తీసుకుంది.

వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్క సీటు నాకిచ్చింది. ఎప్పుడూ ఇవ్వదు. దారి పొడుగునా పరాయివాళ్ళతో మాట్లాడినట్టు మర్యాదగా మాట్లాడింది.

మే 26

ఆదివారం. ఇద్దరం దుప్పట్లు ఉతికి ఆరేశాం. మేస్త్రి గురించి అడగలేదు.

నా అంతట నేనే చెప్పబోతే, "ఇవాళ ఆదివారం కదా పిన్నీ, అతనికీ సెలవే" అంది.

మే 27

పదకొండు ఫారాల్లో ఎనిమిదులు, తొమ్మిదులు. మేడమ్ బల్ల చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశారు. పన్నెండో ఫారంలో మార్కుల గడి ఖాళీ. ఆ పిల్ల మర్చిపోయినట్టుంది, కనుక్కో అన్నారు.

దాన్ని తీసుకుని పాత టేపులు పెట్టే గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాను. అందులో ఉన్నది ఉన్నట్టు ఇక్కడ ఎక్కిస్తున్నాను.

ప్రధాన పాత్రకి ఏం కావాలి? — ఇంటికి వెళ్ళాలి. కానీ ఆ ఇల్లు ఇక లేదని దానికి తెలుసు. వాళ్ళమ్మ మొక్కని కూడా పంపించేసిన రోజే తెలిసింది.

అడ్డు ఎవరు? — ఎవరూ కాదు. అందరూ మంచివాళ్ళే. అందుకని ఎవరి మీదా అరవడానికి లేదు.

ఏ పాత్ర బాగా నచ్చింది? — మేస్త్రి. నిజంగా ఉంటే బాగుండేది.

ఏ పాత్ర నమ్మేలా లేదు? — పిన్ని. ఆమె చాలా తెలివైనదని రాశారు. తెలివైనదైతే పిల్ల అన్ని ప్రశ్నలు ఎందుకు అడుగుతోందో ఈపాటికి కనిపెట్టేది.

ముగింపు ఎలా ఉంది? — ఇల్లు పూర్తవడం అబద్ధం.

రెండో కాగితం మీద ఇంతే ఉంది:

"పిల్ల ప్రశ్నలు అడిగింది పిన్నిని పట్టించడానికి కాదు. పిన్ని కథ చెబుతున్నంతసేపూ అమ్మా నాన్నా ఒకే ఇంట్లో ఉన్నారు. హాలుకి ఏ రంగు వేయాలా అని మాట్లాడుకుంటున్నారు. అందుకని ఇంకా ఇంకా అడిగింది. ఇది కథ రాసినవాళ్ళకి తెలియదు కాబట్టి రాస్తున్నాను."

అక్కడ అట్టపెట్టెల మీద ఎంతసేపు కూర్చున్నానో. బయటికి వచ్చాక, మార్కులు మర్చిపోయిందా అని మేడమ్ మళ్ళీ అడిగారు. మర్చిపోయిందన్నాను.

సాయంత్రం ఇంటికి వచ్చేసరికి అది మెట్ల మీద కూర్చుని ఉంది. చదివావా అంది. చదివానన్నాను. ఆ తర్వాత నేను అన్న మాట తలుచుకుంటే నా నోరు నేనే కుట్టేసుకోవాలనిపిస్తోంది. మార్కులు వేయలేదేం అని అడిగాను.

"వేస్తే అయిపోయినట్టు కదా" అంది.

పక్కన కూర్చున్నాను. ఇది టీవీలో వస్తుందా అని అడిగింది. నీకెలా ఉందని అడిగాను.

"వద్దు."

పదకొండుమందికి నచ్చిందే అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే మింగేశాను. ఈ నెలంతటికీ నేను చేసిన మంచిపని అదొక్కటే.

మే 28

వెనక్కి తీసుకుంటున్నానని మేడమ్‌కి చెప్పాను. ఆవిడ పెన్సిలు బల్ల మీద పడేశారు. పదహారేళ్ళలో ఒక్కసారి బాగా రాశావు, దాన్ని కూడా నువ్వే తీసేస్తావా అన్నారు. అప్పుడు అసలు సంగతంతా చెప్పాను. చెబుతుంటే ఎక్కడా నవ్వు రాలేదు, మేస్త్రి ఉన్నచోట కూడా.

ఆవిడ పడేసిన పెన్సిలు మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు. తర్వాత, ఆ బస్‌స్టాండు పిల్లల కథ బయటికి తీయమన్నారు.

"దానికి నాలుగు వేశానండీ."

"తెలుసు. అందుకే కట్టలో అడుగున ఉంటుంది."

మే 29

అక్కకి ఫోన్ చేశాను. మీరిద్దరూ వచ్చి దానికి చెప్పండి అన్నాను. ఇంకో రెండు వారాలు ఆగవే, కాగితాలు కానీ అంది. అక్కా, దానికి మొదటి రోజు నుంచీ తెలుసు అన్నాను. ముందు ఏడ్చింది. తర్వాత కళ్ళు తుడుచుకుని, నువ్వే ఏదో వాగుంటావు అని నా మీద విరుచుకుపడింది. పడనీ. ఎవరి మీదో ఒకరి మీద పడాలిగా.

బావ ఒక్క మాటా ఎదురు చెప్పలేదు. వస్తానన్నాడు. మీ అక్క ఏ బస్సుకి వస్తోందని అడిగాడు, ఆ బస్సు ఎక్కకుండా ఉండటానికి.

జూన్ 1

వచ్చారు. అక్క మంచం అంచున, బావ ఎత్తుపీట మీద. నిచ్చెన కుర్చీలో మోకాళ్ళు దగ్గరికి లాక్కుని కూర్చుంది. ఎండ గురించి మాట్లాడుకున్నాం. బస్సుల గురించి మాట్లాడుకున్నాం. ఇక మాట్లాడటానికి ఏమీ మిగల్లేదు. అక్కాబావలు ఇద్దరూ నా వైపు తిరిగారు. నెలల తర్వాత వాళ్ళిద్దరూ కలిసి చేసిన పని అదేనేమో.

"నువ్వు చెప్పవే. నీకైతే చెప్పడం వచ్చు" అంది అక్క.

నిజంగా వచ్చు. మొదటి వాక్యం కూడా తట్టింది. మెత్తగా, నొప్పి తెలియకుండా మొదలుపెట్టే వాక్యం.

"ఇది నేను చెప్పేది కాదక్కా" అన్నాను.

బావ చెప్పాడు. ఆయనకి మాటలు కూర్చడం రాదు. అందుకని ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "మీ అమ్మా నేనూ ఇక కలిసి ఉండటం లేదమ్మా. నీకు ముందే చెప్పాల్సింది. మాకు భయమేసింది."

నిచ్చెన మూడు ప్రశ్నలు అడిగింది. బడి రోజుల్లో ఎక్కడ పడుకోవాలి. బడి కాగితాల మీద ఎవరు సంతకం పెడతారు. మీకు ఒకరంటే ఒకరికి అసహ్యమా. మూడోదానికి ఇద్దరూ ఒకేసారి నోరు తెరిచారు. ముందు నువ్వు చెప్పు అన్నట్టు ఇద్దరూ ఆగారు. అది చూసి పిల్లకి ఏడుపు వచ్చింది. వచ్చిన ఈ అయిదు వారాల్లో అది ఏడవడం నేను చూడలేదు. గట్టిగా, చిన్నపిల్లలా, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా ఏడ్చింది.

ఇద్దరూ ఒక్క ఉదుటున లేచారు. మంచానికీ బల్లకీ మధ్య ఒక్కరికే చోటుంది. బావ పక్కకి తప్పుకున్నాడు. అక్క వెళ్ళి పట్టుకుంది. కాసేపయ్యాక అక్కే కాస్త జరిగి ఆయనకి చోటిచ్చింది.

నేను వంటింట్లోకి వెళ్ళి కడిగిన కప్పులన్నీ మళ్ళీ కడిగాను.

జూన్ 3

బడి రోజుల్లో అక్క దగ్గర, శని ఆదివారాలు బావ దగ్గర. తొమ్మిదో తారీకున ప్రయాణం. ఇక్కడే ఉండి ఇవన్నీ తేల్చుకున్నాకే వాళ్ళు వెళ్ళారు. వేరువేరు బస్సుల్లోనే.

ఇవాళ పిల్ల నూడుల్స్ మాడ్చింది. గిన్నె తోముతూ, "నీ మీద కోపం ఉంది పిన్నీ. కానీ ఇప్పుడు తీరిక లేదు, తర్వాత చూస్తాను" అంది.

సరేనన్నాను.

జూన్ 6

తీరిక దొరికింది.

బస్‌స్టాండు కథ రాసినాయన ఆఫీసుకి వచ్చాడు, బళ్ళో లెక్కలు చెబుతాడట. ఎపిసోడ్లు ఎలా విడగొట్టాలో మాట్లాడుకున్నాం. నిచ్చెన కూడా కూర్చుంది. ఆ ముగ్గురు పిల్లలూ ఒకరి గొడుగు ఇంకొకరికి ఇచ్చి పంపేసే చోట ఆయన పగలబడి నవ్వాడు. నేనూ నవ్వాను. ఈ కథకి నేనిచ్చిన రిపోర్టు చించేసి కొత్తది రాస్తున్నానని, ఏడు వేస్తున్నానని ఆయనకి చెప్పాను. ఎనిమిది, అంది నిచ్చెన. బాగుంది, అందరం నవ్వుకున్నాం.

బస్సు దిగి నడుస్తుంటే మందుల షాపు ముందు ఆగిపోయింది.

"ఆ రోజు కూడా అందరూ ఇలాగే నవ్వారు పిన్నీ. ప్లంబర్ దగ్గర. అమ్మానాన్నల మధ్యలో నిలబడి ఆ మాటలు మోసింది నేను. నీకు చెప్పాను. టీ తాగుతూ చెప్పాను. నువ్వు వినలేదు, రాసుకున్నావు."

జనం మమ్మల్ని తప్పుకుని పోతున్నారు. నాకు చాలా మాటలు వచ్చాయి. అన్నీ మంచి మాటలే. ఒక్కటీ పనికొచ్చేది కాదు. తప్పయిపోయిందే అన్నాను. దాని వెనక 'కానీ' అని ఇంకేమీ తగిలించలేదు.

తలూపింది. క్షమించినట్టు కాదు, విన్నట్టు. షాపులోకి వెళ్ళి తలనొప్పి మాత్రలు కొని నా చేతిలో పెట్టింది. పొద్దున్నుంచి కణతలు నొక్కుకుంటున్నావు అంది.

జూన్ 8

మేడమ్ బస్‌స్టాండు కథని పైవాళ్ళకి పంపించారు.

జూన్ 9

మధ్యాహ్నం సర్దుకుంటోంది. నేను మంచం మీద కూర్చుని బట్టలు మడతపెట్టి అందిస్తున్నాను. ఉన్నట్టుండి అడిగింది.

"పిన్నీ, నువ్వెందుకు ఒక్కదానివే ఉంటావు?"

దీనికి నా దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. చుట్టాలందరికీ ఏళ్ళ తరబడి చెప్పి చెప్పి నున్నగా అరిగిపోయిన జవాబు. ఎక్కడ ఆగాలో, ఎక్కడ నవ్వించాలో, ఎక్కడ మాట మార్చాలో అన్నీ తెలుసు. మా అమ్మ అది నమ్మింది. అక్క ఇప్పటికీ నమ్ముతోంది. ఒక్కోసారి నేనూ నమ్ముతాను.

నోరు తెరిచాను. అది నేనందించిన చొక్కా ఒళ్ళో పెట్టుకుని, వినడానికి కింద కూర్చుంది.

నిజం చెప్పాను.

రెండు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ నిజం ఇంత చిన్నదని నాకు తెలియదు. మధ్యలో ఒకచోట ఆగాను. అది తొందరపెట్టలేదు. అయ్యాక రెండు ప్రశ్నలు అడిగింది. రెండింటికీ ఉన్న జవాబే ఇచ్చాను. ఆ చొక్కాని మళ్ళీ మొదట్నుంచి మడతపెట్టి, "అమ్మకి చెప్పనులే" అంది. చెప్పినా పర్వాలేదన్నాను. ఆ మాట అన్నాక గానీ తెలియలేదు, నిజంగానే పర్వాలేదని.

ఏం చెప్పానో ఇక్కడ రాద్దామనే డైరీ తెరిచాను. ఆ పక్క గదిలో అది జిప్పు పట్టక సూట్‌కేసు మీద ఎక్కి కూర్చుంది, ఆ చప్పుడు వినిపిస్తోంది. కలం పట్టుకుని ఇంతసేపు కూర్చున్నాను, ఒక్క ముక్క రాయబుద్ధి కావడం లేదు. ఒక మనిషికి చెప్పేశాను. ఇక ఈ డైరీకి చెప్పాల్సిన పని లేదు.

పిలుస్తోంది. రెండో పక్క నేను కూర్చుంటే గానీ మూత పడేలా లేదట.